మూడు గళ్ళ కాగితం

ఆ సోమవారం పొద్దున పోయినవాటిలో ఆ ఒక్క ఫోటో కూడా ఉందని సాయంత్రం దాకా అతనికి తెలియదు.

పోయిందనడం కూడా సరికాదు. అతనే చెరిపేశాడు. ప్రతి సోమవారం చేసే పనే అది. షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, కంప్యూటరు మీద కప్పిన పాత తువ్వాలు మడిచి కుర్చీ వీపు మీద వేస్తాడు. గడిచిన వారం ఫోటోల్లో దిద్దినవాటిని ఒక పక్కకు చేర్చుకుంటాడు. దిద్దకముందువాటిని ఒక్క మీట నొక్కి చెరిపేస్తాడు. కంప్యూటరు ముసలిది, కడుపు నిండితే కదలదు. "దిద్దింది ఉండగా దిద్దనిదెందుకయ్యా? ఉతికిన చొక్కా ఉండగా మాసింది ఎవడన్నా దాచుకుంటాడా?" అంటాడు స్టూడియో యజమాని. నిజమే కదా అనుకుని ఇన్నేళ్ళూ చెరిపేస్తూ వచ్చాడు.

అతన్ని అందరూ టచింగాయన అంటారు. ఫోటో తీసేది యజమాని, తీసిన మొహాన్ని బాగుచేసేది అతను. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. మొదట్లో నెగెటివ్ మీద సన్నని పెన్సిలుతో, అచ్చయిన ఫోటో మీద మూడు వెంట్రుకల బ్రష్షుతో చేసేవాడు. ఇప్పుడు మౌసుతో చేస్తాడు. మొటిమలు తీస్తాడు. కళ్ళ కింద నలుపు తీస్తాడు. గ్రూపు ఫోటోలో ఎవరైనా కళ్ళు మూసుకుంటే, ఇంకో ఫోటోలోంచి వాళ్ళ కళ్ళే తెచ్చి అతికిస్తాడు. రోజంతా ఒకే చేత్తో పని చెయ్యడం వల్ల అతని కుడి భుజం ఎడమ భుజం కన్నా కాస్త కిందికి జారి ఉంటుంది. మెడలో రెండు కళ్ళజోళ్ళు దారాలకు వేలాడుతుంటాయి, ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి. ఏ మొహం చూసినా అందులో ఏం తీసేయాలో అతనికి ముందు కనపడుతుంది. ఏం ఉందో తర్వాత కనపడుతుంది. ఒక్కోసారి కనపడదు.

బల్ల సొరుగులో, పాత బ్రష్షుల డబ్బా పక్కన, అట్ట వేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. తాగుడు నుంచి, మత్తు పొడుల నుంచి బయటపడాలనుకునేవాళ్ళతో ఎలా మాట్లాడాలో, ఎలా వినాలో నేర్పే ఏడాది కోర్సు పుస్తకం అది. యాభై ఒకటో ఏట అతను అందులో చేరాడు. వచ్చే నెల పరీక్ష.

"తెల్లజుట్టుకు హాల్ టికెట్టా?" అని నవ్వింది భార్య, చేరిన రోజున. "మీ ఫోటో మీరే దిద్దుకోండి. లేకపోతే మనవడి బదులు తాతగారు రాస్తున్నారనుకుంటారు."

నవ్విందే కానీ పుస్తకానికి అట్ట వేసింది ఆవిడే. ఎందుకు చేరాడో ఆవిడకు తెలుసు.

అన్నయ్య వల్ల చేరాడు. అన్నయ్య నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. నోట్లో నాలుక లేనివాడు. తాగుడొక్కటే. సోమవారం పొద్దున లేవలేకపోతే వదిన కబురు చేసేది. తమ్ముడు స్టూడియో ఫోనులోంచి ఆ ఆఫీసుకు చేసి, "అన్నయ్యకు ఒంట్లో బాగాలేదు సార్," అని చెప్పేవాడు. పదకొండేళ్ళు చెప్పాడు. ఒకసారి జ్వరం, ఒకసారి నడుం పట్టేసింది, ఒకసారి దగ్గర బంధువులు పోయారు. "మీకు పెదనాన్నలు ఎంతమందయ్యా? నా లెక్కన ఇప్పటికి నలుగురు పోయారు," అన్నాడు ఒకనాడు ఆఫీసులో పెద్ద గుమాస్తా. ఇద్దరూ ఫోనులో నవ్వుకున్నారు. అన్నయ్య ఉద్యోగం నిలబడింది. తమ్ముడంటే నువ్వేరా అన్నారు అంతా. ఇంటిల్లిపాదీ కలిసి దిగిన ఫోటోలో అన్నయ్య మొహం ఉబ్బి, కళ్ళు పచ్చగా పడితే, అతను రెండు రోజులు కూర్చుని ఆ ఉబ్బు తీసేశాడు, కళ్ళు తెల్లగా చేశాడు. అది చూసి వదిన మురిసిపోయింది. "చూశావా, మీ అన్నయ్య కోలుకుంటున్నారు," అంది. ఆ ఫోటో గోడకెక్కిన ఎనిమిది నెలలకు అన్నయ్య పోయాడు. ఉద్యోగంలో ఉండగానే పోయాడు.

కోర్సు మొదటి పాఠంలోనే మేడమ్ ఒక మాట చెప్పింది. "తాగేవాళ్ళ తరఫున అబద్ధం చెప్పేవాళ్ళు ఇంట్లో ఒకరుంటారు. ప్రేమకొద్దీ చెబుతారు. దాంతో తాగేవాళ్ళకు ఇంకో ఏడాది తాగే వీలు చిక్కుతుంది." మిగతావాళ్ళు ఆ మాట రాసుకున్నారు. అతను కలానికి మూత పెట్టేశాడు. ఆ పూట ఇంటికి నడిచి వెళ్ళాడు. బస్సెక్కలేదు.

కోర్సులో పరీక్ష కన్నా కష్టమైంది ఒక కాగితం. కోర్సు నడిపే మత్తు విడిపించే కేంద్రంలో ఉండి మానుకుంటున్నవాళ్ళలో ఒకరితో వారం వారం గంటసేపు మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు ఏదీ రాసుకోకూడదు. ఇంటికెళ్ళాక, జరిగిన సంభాషణంతా గుర్తున్నంతవరకు మాటకు మాట రాయాలి. కాగితానికి నిలువునా మూడు గళ్ళు. మొదటి గడిలో వారన్నది. రెండో గడిలో నేనన్నది. మూడో గడిలో, ఆ మాట జరిగినప్పుడు నా లోపల కలిగింది. అలాంటి కాగితాలు ఆరు ఇస్తేనే పరీక్షకు కూర్చోనిస్తారు.

"జరిగింది జరిగినట్టు రాయండి," అని చెప్పింది మేడమ్. కేంద్రానికి పెద్ద దిక్కు ఆవిడే, వీళ్ళకు పాఠం చెప్పేదీ ఆవిడే. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటుంది. "తప్పు మాట అంటే తప్పు మాటే రాయండి. నాకు మీ తెలివితేటలు అక్కర్లేదు. ఆ గదిలో ఏం జరిగిందో అది కావాలి."

మొదటి కాగితం అతను అలాగే రాశాడు. ఎర్రసిరాతో తిరిగొచ్చింది. ఇక్కడ తొందరపడ్డారు. ఇక్కడ ఆయన మాట మధ్యలో తుంచేశారు. ఇక్కడ సలహా ఎవరడిగారు? అన్నిటికీ కింద, "నిజాయితీగా రాశారు, సంతోషం," అని కూడా ఉంది. కానీ అతని కళ్ళకు ఎరుపే కనపడింది. మచ్చలున్న మొహాన్ని ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా ఎవరి చేతికీ ఇవ్వనివాడు. రెండో కాగితంలో రెండు మాటలు సర్దాడు. మూడోదానిలో నాలుగు. ఎవరికీ నష్టం లేని పని అనుకున్నాడు. ఏం అనాల్సిందో ఎలాగూ ఇప్పుడు తెలిసింది, వచ్చేసారి అంటాడు కదా. మూడో గడిలో మాత్రం ఏం రాయాలో తోచేది కాదు. బాధ కలిగింది, సంతోషం కలిగింది అని రాసి వదిలేసేవాడు.

అతని వంతుకు వచ్చిన మనిషి లిఫ్టు మెకానిక్. ముప్పై నాలుగేళ్ళవాడు. పని చేస్తూ లిఫ్టు గుంతలో పడి భుజం విరగ్గొట్టుకుంటే నొప్పికి సూదులు వేశారు. భుజం అతుక్కుంది, సూది వదల్లేదు. సూది దొరకనప్పుడు పొడి. ఆ తర్వాత పొడే. కేంద్రానికి వచ్చి మూడో నెల. మనిషి నవ్వితే గదంతా నవ్వేది.

"నా బతుకు లిఫ్టు లాంటిది మాస్టారూ," అన్నాడు మొదటి రోజునే. "పైకీ కిందికీ తిరిగినన్నాళ్ళు ఎవడూ పట్టించుకోడు. మధ్యలో ఆగితే మటుకు అందరూ వచ్చి తలుపులు బాదుతారు."

ఏమడిగినా ఆ మనిషి నోట ఒకటే జవాబు. తింటావా అంటే చూద్దాం. వాన పడేట్టుందా అంటే చూద్దాం. పొడి జోలికి మళ్ళీ పోనని అక్కకు మాటిచ్చావా అంటే, "ఇవ్వమంది మాస్టారూ. చూద్దాం అన్నాను. ఇచ్చి తప్పడం కన్నా అది నయం కదా," అన్నాడు. కాగితంలో రాసేటప్పుడు ఆ మాట అన్నిసార్లు రావడం బాగుండదని టచింగాయన కొన్నిచోట్ల తీసేసేవాడు.

పోయిన బుధవారం లిఫ్టు మెకానిక్ అనుమతి తీసుకుని స్టూడియోకి వచ్చాడు. ఏదో కంపెనీలో ఖాళీ ఉందట, దరఖాస్తుకు ఫోటో కావాలి. జుట్టు తడిపి దువ్వుకుని, స్టూలు మీద బిగదీసుకుని కూర్చున్నాడు.

"ఈ గాటు తీసెయ్యకండి మాస్టారూ," అన్నాడు, ఎడమ చెవి కింద నుంచి దవడ మీదికి దిగిన మచ్చ చూపించి. "చిన్నప్పుడు మా అక్కే నాకు జుట్టు కత్తిరించేది. నేను తల తిప్పాను, కత్తెర తిరగలేదు. అది మా అక్క సంతకం. తీసేస్తే నన్ను గుర్తుపట్టదు."

యజమాని పకపకా నవ్వాడు. టచింగాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ సాయంత్రం మచ్చ తీసేశాడు. ఉద్యోగానికి వెళ్ళే ఫోటో అది, గాటున్న మొహాన్ని చూసి ఎవరు పిలుస్తారు? మేలే చేస్తున్నాననుకున్నాడు. ఫోటోలు చేతిలో పెడితే లిఫ్టు మెకానిక్ కాసేపు చూసి, దవడ తడుముకున్నాడు.

"బాగున్నాడు మాస్టారూ. ఎవరో గానీ బాగున్నాడు."

ఆ మర్నాడు గురువారం. ఆ సాయంత్రమే లిఫ్టు మెకానిక్ సెలవు మీద అక్క ఇంటికి వెళ్ళాలి, సోమవారానికి తిరిగి రావాలి. మూడు నెలల్లో అదే మొదటి సెలవు. ఎవరు సెలవు మీద వెళ్ళినా కేంద్రంలో ఒక పద్ధతుంది. గడప దాటేముందు వాళ్ళతో మాట్లాడేవారే ఒక మాట చెప్పాలి. మానేసిన ఒళ్ళు పాత అలవాటు మరిచిపోతుంది. పాత కొలత ఇప్పుడు తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. చెప్పి ఊరుకోకూడదు, వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకోవాలి. ఇంటి సంగతులేమైనా బయటపడితే ఆ పూటే మేడమ్ చెవిన వెయ్యాలి, ఆవిడ ఇంటివాళ్ళకు ఫోను చేస్తుంది.

ఆ రోజే స్టూడియోలో బడిపిల్లల గ్రూపు ఫోటో అర్జెంటని పట్టుకున్నాడు యజమాని. అరవై మంది పిల్లలు, అందులో పదకొండుమంది కళ్ళు మూసుకున్నారు. ఒక్కొక్కరికీ కళ్ళు తెరిచి, పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆరు కావస్తోంది. లిఫ్టు మెకానిక్ సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆరింటికి బస్సు. ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. దారంతా టచింగాయనే మాట్లాడాడు, పిల్లల కళ్ళ గురించి, యజమాని గురించి. చెప్పవలసిన మాట గుర్తుంది. కానీ మొదటిసారి ఇంటికెళ్తున్న మనిషితో చావు మాటేంటి, తనమీద మనకు నమ్మకం లేదనుకోడూ అనిపించింది. బస్సు మలుపు తిరిగి కనపడ్డాక లిఫ్టు మెకానిక్ అన్నాడు:

"నా గది అలాగే ఉంచిందంట మాస్టారూ అక్క. ఏదీ కదపలేదంట. అదే కాస్త భయంగా ఉంది."

"బస్సొచ్చేసింది. ఎక్కు, ఎక్కు. సోమవారం మాట్లాడుకుందాం."

"చూద్దాం మాస్టారూ."

అంతే. శుక్రవారం కూర్చుని ఆరో కాగితం రాశాడు. గుండ్రని దస్తూరీ, ఒక్క కొట్టివేత లేదు. రెండో గడిలో, తను చెప్పవలసిన మాట చెప్పవలసినట్టే రాశాడు. మొదటి గడిలో జవాబు రాశాడు: "సరే సార్, పాత కొలత ఇప్పుడు నాకు విషం. గుర్తుంచుకుంటాను." గది మాట వదిలేశాడు. అది రాస్తే, ఆ పూటే నాకెందుకు చెప్పలేదని మేడమ్ అడుగుతుంది. శనివారం కాగితం ఇచ్చేశాడు.

సోమవారం రానే వస్తాడు, రాగానే చెప్పేస్తే సరి అనుకున్నాడు. ఆదివారమంతా అలాగే అనుకున్నాడు. ఇప్పుడు సోమవారం.

పదకొండింటికి ఒక రిటైరైన పెద్దమనిషి వచ్చి, తన పింఛను ఫోటోలో కాస్త జుట్టు పెట్టమన్నాడు.

"ఎంత పెట్టమంటారు?" అన్నాడు టచింగాయన.

"మరీ ఎక్కువొద్దు. మా ఆవిడ నమ్మేంత."

"ఆవిడ రోజూ చూస్తూనే ఉంటారు కదండీ," అన్నాడు యజమాని కౌంటరు వెనక నుంచి. "నమ్మకం కావాలంటే ఫోటోకి కాదు, తలకి పెట్టించుకోవాలి."

పెద్దమనిషి కోపం తెచ్చుకోబోయి నవ్వేశాడు. టచింగాయన నుదురు మీద కాస్త నీడలాగా వేసి ఇచ్చాడు. తర్వాత ఒక చంటిబిడ్డ ఫోటోలో పట్టుకున్న తల్లి వేళ్ళు తీసేశాడు. బిడ్డ గాల్లో కూర్చున్నట్టయింది, మళ్ళీ వేళ్ళు పెట్టాడు. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెరిచి, ఆరో పాఠం చదువుకుంటూ తిన్నాడు. నాలుగున్నరకు యజమానిని అడిగి లేచాడు.

కేంద్రం రెండంతస్తుల పాత ఇల్లు. కింద ఆఫీసు, పైన మంచాలు. మెట్ల పక్క గోడకు తగిలించిన పలక మీద, సెలవు నుంచి తిరిగి రావలసినవాళ్ళ పేర్లు సుద్దముక్కతో రాస్తారు. వచ్చినవాళ్ళ పేరు పక్కన గీత పెడతారు, అందరూ వచ్చాక పలక తుడిచేస్తారు. ఆ రోజు పలక మీద ఒక్క పేరే ఉండాలి. పలక తుడిచేసి ఉంది.

వచ్చేశాడన్నమాట అనుకున్నాడు టచింగాయన. గుండె తేలికపడింది. మేడమ్ గదిలోకి ఆ తేలిక మొహంతోనే వెళ్ళాడు.

"కూర్చోండి," అంది మేడమ్. "మీ లిఫ్టాయన పోయాడు. నిన్న పొద్దున చూశారట. పాత చొక్కా జేబులో ఎప్పటిదో పొట్లం ఉందట. అంతకుముందు తీసుకునేంతే తీసుకున్నాడు."

బయట ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ వెళ్తున్న చప్పుడు. ఆ చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగేవరకూ అతను వింటూ ఉన్నాడు.

"మీ కాగితం నిన్న సాయంత్రం చదివాను," అంది మేడమ్. కాగితం ఆవిడ ముందే ఉంది. దానిమీద ఎర్రసిరా లేదు. "చెప్పారు. తిరిగి చెప్పించుకున్నారు కూడా. మనం చెయ్యాల్సింది చేశాం. నిజం చెప్పనా, ఈ కాగితమే లేకపోతే ఈ రోజు నేను ఈ కుర్చీలో కూర్చోలేకపోయేదాన్ని. ఎవరైనా చెప్పారా లేదా అని తల బాదుకునేదాన్ని."

"మేడమ్, ఆ కాగితం..."

ఆవిడ కళ్ళెత్తి చూసింది. రాత్రంతా కునుకు లేని కళ్ళు. వాటి కింద నల్లటి చారలు. ఏం తీసేయాలో అతనికి కనపడింది.

"వాళ్ళ అక్కగారు వచ్చారా?" అన్నాడు.

"పైన ఉన్నారు. వెళ్ళి పలకరించండి. మీ పేరే చెబుతున్నారు." ఇంకో కాగితం అతని వైపు తోసింది. "మీ ఆరూ పూర్తయ్యాయి. సంతకం పెట్టాను. పరీక్షకు కూర్చోండి. ఇలాంటివి చూసి వెనక్కి పోకండి."

ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జేబు మీద చెయ్యి వేసుకునే మెట్లెక్కాడు.

కిటికీ పక్క మంచం మీద ఒకామె సంచి సర్దుతోంది. నలభై దాటిన మనిషి. చెప్పుల ఫ్యాక్టరీలో అడుగులు అతికించే పని అని తమ్ముడు చెప్పేవాడు. వేళ్ళ కొసల్లో గోధుమరంగు జిగురు ఎండిపోయి ఉంది. మంచం మీద రెండు జతల బట్టలు, సబ్బుపెట్టె, పిడి అరిగిన స్క్రూడ్రైవరు.

"మీరేనా మాస్టారంటే?" అంది. "రండి అన్నయ్యగారూ. ఫోనులో రోజూ మీ ఊసే. మాస్టారు మొహం చూసి మనిషిని చెప్పేస్తాడే అనేవాడు."

అతను నిలబడే ఉన్నాడు. ఆమె చొక్కా మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"మేడమ్‌గారు చదివి వినిపించారు. పాత కొలత విషమని మీరు చెప్పారట. వాడి నోటితో కూడా అనిపించారట."

తల ఊపాడో లేదో అతనికే తెలియదు.

"అంటే వాడికి తెలుసన్నమాట." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "నిన్నటి నుంచీ తెలియక పోయాడనుకుంటున్నాను అన్నయ్యగారూ. తెలియక పోతే ఒక ఏడుపు. తెలిసీ పోతే అది వేరే ఏడుపు. శనివారం మధ్యాహ్నం నా చేత్తో పెట్టాను. ఇంకాస్త వెయ్యవే, అక్కడ సగం కడుపే పెడతారు అన్నాడు. పోదామనుకున్నవాడు ఇంకాస్త వెయ్యమంటాడా? మీరు చదువుకున్నవారు, మీరు చెప్పండి."

"లేదమ్మా. పోదామని కాదు."

"మరి తెలుసు కదా. మీరు చెప్పారు కదా."

ఆమె జవాబు కోసం ఆగలేదు. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయింది.

"గది కదపకుండా ఉంచాను. వచ్చినప్పుడు పరాయి ఇంట్లో ఉన్నట్టు ఉండకూడదని. చొక్కాలు కూడా వంకీలకు అలాగే ఉంచాను. దుమ్ము దులిపాను గానీ జేబులు చూడలేదు. ఒక్క మాట ఎవరన్నా చూడమని ఉంటే చూసేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "సరే, గుర్తుంచుకుంటాను అన్నాడట. అదొక్కటే నాకు మింగుడు పడటం లేదు. మావాడు బుద్ధెరిగాక సరే అన్న పాపాన పోలేదు."

"చూద్దాం అన్నాడమ్మా."

"ఆ?"

"సరే అనలేదు. చూద్దాం అన్నాడు. రాసేటప్పుడు నేనే మార్చాను."

ఆమె మొహం ఒక్కసారి విప్పారింది.

"అదీ మావాడు. చూద్దాం అన్నాడా? అయితే మీ మాట నమ్మలేదన్నమాట. ఈయన ఊరికే బెదిరిస్తున్నాడులే అనుకుని ఉంటాడు. మొండి వెధవ." చొక్కాను గుండెలకు హత్తుకుంది. "ఎవరెంత చెప్పినా వినడు."

ఇప్పుడు చెప్పాలి. ఎవరూ చెప్పలేదమ్మా, వినకపోవడం వాడి తప్పు కాదు, చెప్పని నాది అనాలి. నాలుగే మాటలు. నాలుక కొస దాకా వచ్చాయి. ఆమె మొహం వైపు చూశాడు. తను గదిలోకి వచ్చాక మొదటిసారి ఆ మొహంలో కాస్త తెరిపి కనపడుతోంది. దాన్ని చెరపడానికి చేతులు రాలేదు. ఆ తెరిపి కోసమే మాట్లాడటం లేదనుకున్నాడు. జేబులో కాగితం సన్నగా చప్పుడైంది.

ఆమె సంచిలోంచి చిన్న కవరు తీసింది. స్టూడియో కవరే. అందులోంచి ఒక ఫోటో తీసి వెలుతురుకు పట్టుకుంది.

"ఇది మీరే తీశారటగా. ఇంట్లో వాడి ఫోటో ఇంకోటి లేదు. పెద్దది చేసిస్తారా?" అని, ఇంకా దగ్గరికి పెట్టుకుని చూసింది. "ఈ పక్క గాటు ఏది అన్నయ్యగారూ?"

"ఉద్యోగానికి కదా అని తీశాను."

"అది లేకపోతే ఎవరో పెద్దింటి పిల్లాడిలా ఉన్నాడు. దిద్దకముందుది ఉంటుందిగా? అదే పెద్దది చెయ్యండి. రేపు పదింటికి వస్తాను, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోవాలి."

"ఉంటుందమ్మా," అన్నాడు. ఆ మాట అంటూండగానే, పొద్దున నొక్కిన మీట వేలి కొసకు తగిలినట్టయింది.

తిరిగొచ్చేసరికి యజమాని కౌంటరు తుడుస్తున్నాడు. చిన్న పనుంది, నేను మూసేస్తానంటే, "పరీక్ష దగ్గరికొచ్చిందిగా, చదువుకో చదువుకో," అని తాళాలిచ్చి వెళ్ళాడు. టచింగాయన తువ్వాలు తీసి కూర్చుని వెతికాడు. చెరిపేసినవి దొరుకుతాయేమోనని తనకు తెలిసిన చోటల్లా చూశాడు. దిద్దిన ఫోటోలు వరసగా, నున్నగా, అందరూ బాగున్నారు.

దిద్దిన ఫోటోనే పెద్దది చేసి అచ్చు తీశాడు. బల్ల మీద పరిచి, సొరుగులోంచి మూడు వెంట్రుకల బ్రష్షు తీశాడు. ఎన్నేళ్ళయిందో దాన్ని ముట్టుకుని. రంగు కలిపి, కొస నాలుకతో తడిపి, ఎడమ దవడ మీదికి వంచాడు. చెయ్యి వణకలేదు. మచ్చ ఎక్కడ మొదలైందో గుర్తుంది, చెవి తమ్మె కింద. ఎంత పొడవో గుర్తు రాలేదు. చివర వంపు ఉందా, తిన్నగా దిగిందా? ఆరు వారాలు ఎదురుగా కూర్చున్నాడు. ఆ బుధవారం గంటసేపు ఆ మచ్చనే చూశాడు. ఎంత బాగా పోతుందో అని చూశాడు గానీ ఎలా ఉందో చూడలేదు. ఇలా ఉండి ఉంటుందిలే అని గీసెయ్యొచ్చు. చెయ్యి తిరిగినవాడు, ఎవరూ పట్టుకోలేరు. ఆమె అయినా పట్టుకోలేదేమో.

బ్రష్షు కడిగి డబ్బాలో పెట్టేశాడు.

పుస్తకంలోంచి కొత్త మూడు గళ్ళ కాగితం తీశాడు. మొదటి గడిలో రాశాడు: "నా గది అలాగే ఉంచిందంట. అదే కాస్త భయంగా ఉంది." రెండో గడిలో: "బస్సొచ్చేసింది. ఎక్కు, ఎక్కు." మళ్ళీ మొదటి గడిలో: "చూద్దాం మాస్టారూ." మూడో గడి దగ్గర కలం ఆగింది. బాధ కలిగింది అని రాయబోయి, రాయలేదు.

ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, ఇంకా బయల్దేరలేదా? కంచం పెట్టాను."

"వస్తున్నా."

"మీ లిఫ్టాయన ఈ రోజు వస్తాడన్నారుగా, వచ్చాడా?"

అతను కలానికి మూత పెట్టాడు.

"రాలేదు," అన్నాడు.

"పోనీలెండి, రేపొస్తాడు."

కంప్యూటరు మీద తువ్వాలు కప్పాడు. మేడమ్ సంతకం పెట్టిన కాగితం జేబులోంచి తీసి పుస్తకంలో పెట్టాడు. మూడు గళ్ళ కాగితాన్ని మడవకుండా ఫోటో కింద ఉంచాడు. మేడమ్‌కు ఇవ్వవలసింది ఇవ్వలేదు. రేపు పదింటికి వచ్చే మనిషికి చెప్పవలసింది చెప్పలేదు. దీపం ఆర్పేముందు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. బల్ల మీద ఫోటోలో, అక్క కత్తెర తగిలిన చోటు ఇంకా నున్నగానే ఉంది.